పాత స్టాకు

మేస్త్రి కొత్త గిటార్‌ని పాతది చేస్తున్నాడు. తెల్లటి అంచులకు టీ డికాషన్ పట్టించాడు. మరలను వెనిగర్ ఆవిరికి పెట్టి తుప్పు తెప్పించాడు. బెల్టు బకిల్‌తో వెనకంతా గీతలు గీశాడు.

ఆ గిటార్ లోపల సగం డొల్ల, నడుమ చెక్క దిమ్మ. ఆ మోడల్ ఆయన సొంత బుర్రలో పుట్టింది. అమ్మినన్నాళ్లూ ఒక్క గిటారిస్టూ దాని మొహం చూడలేదు. ఫ్యాక్టరీ మూతపడేలా ఉంటే యజమాని ఒక ఉపాయం చెప్పాడు. మేస్త్రి సరేనన్నాడు. ఇక ఆ గిటార్లు రావని పేపర్లో పడింది. అంతే, జనం ఎగబడ్డారు.

“చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అన్నారా!” అని యజమాని పగలబడి నవ్వాడు.

అప్పట్నుంచి గోడౌన్‌లో పాత స్టాకు ‘దొరుకుతూనే’ ఉంది. దాన్ని పుట్టించే మేస్త్రి మాత్రం ఫ్యాక్టరీ మేడమీద గదిలో కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటున్నాడు. కిటికీలకు అట్టలు. భోజనం వెనక మెట్ల మీంచి భార్య తెస్తుంది. పాపం, ఆవిడ వీధిలో నవ్వి రెండేళ్లయింది.

ఇవాళ క్యారియర్ దించుతూనే కళ్లొత్తుకుంది.

“మనమ్మాయి బాబుని తీసుకొచ్చిందండీ. కింద హాల్లో ఉంది. వాడికి మీ పేరే పెట్టింది.”

మేస్త్రి చేతిలో గుడ్డ జారిపోయింది. అప్పుడే యజమాని లోపలికొచ్చాడు. మేస్త్రి వెళ్లి ఆయన చేతులు పట్టుకున్నాడు.

“బాబూ, ఒక్కసారి. మనవణ్ణి ఎత్తుకుని వచ్చేస్తాను.”

“ఎవరి కంటైనా పడ్డావా, కొంపలంటుకుంటాయి. నేనొక్కణ్ణే కాదు, నువ్వూ జైలుకే. ఒప్పుకున్నప్పుడు తెలీదా?”

“పోనీ, అమ్మాయినే పైకి పంపండి.”

“ఆ పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు. వద్దు.” యజమాని వాచీ చూసుకున్నాడు. “కాసేపు పని ఆపు. కింద మీటింగుంది, చప్పుడు రాకూడదు.”

తర్వాత భార్యకేసి తిరిగి, “రండమ్మా, మీరు లేకపోతే బాగుండదు” అన్నాడు.

బయట గడియ పడింది.

మేస్త్రి బోర్లా పడుకుని నేలకు చెవి ఆనించాడు. కింద మాటలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో పసివాడి ఏడుపు వినిపించింది. ఆయనకు దుఃఖం ఆగలేదు. గుడ్డ నోట్లో కుక్కుకున్నాడు.

కింద హాల్లో, బిడ్డను భుజాన వేసుకున్న కూతురి పక్కన తలలు వంచి నిలబడి, మేస్త్రి రెండో వర్ధంతికి ఫ్యాక్టరీ అంతా మౌనం పాటిస్తోంది.