తెల్ల దారం

వెనకగదిలో కోడిపిల్లల నీళ్లగిన్నెలు తోముతోంది కోడలు. లోపలికి రాబోయిన మామగారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏమిటిది? తెల్లదారం పిల్ల వణుకుతోందేం?"

కాలికి ఎర్రదారం కట్టినవి ఎడమ పెట్టెలో ఉంటాయి. వాటి మేతలో పాల నుంచి తీసిన ఒక రకం చక్కెర కలుపుతారు. అది ఒంట్లో పేరుకుంటే మెదడులో శక్తి తరిగిపోయి, పిల్లలు వణికి వణికి ఒరిగిపోతాయి. తెల్లదారానివి కుడి పెట్టెలో, మామూలు మేత మీద. ఆ రెంటి తేడా చూడడమే మామగారి పరిశోధన. 'ఇలా దెబ్బతిన్న మెదడు మళ్లీ కోలుకోదు' అని ఆయన తేల్చిన పత్రం చేతిలోనే ఉంది. ఇంకో గంటలో సభలో చదవాలి.

"మేత తారుమారు చేశావా?"

"లేదు మామయ్యా."

ఆయన కుడి పెట్టెలోని మేత చిటికెడు నాలుక మీద వేసుకున్నారు. తీపి లేదు; మామూలు మేతే. ముఖం ఇంకా కందిపోయింది.

"నా దగ్గరా నంగనాచి వేషాలు? నిజం చెప్పు. లేదంటే ఇవాళే బట్టలు సర్దుకుని నడు!"

"అడుగుతున్నారుగా! బెల్లం కొట్టిన రాయిలా ఆ నిలబడడమేమిటి?" అన్నారు వెనక నుంచి అత్తగారు.

కోడలు గిన్నె కింద పెట్టింది.

"మేత మార్చలేదు. పిల్లనే మార్చాను. నిన్నటిదాకా అది ఎర్రదారం పిల్లే. కళ్లు తేలేస్తుంటే చూడలేక ఇటు వేసి తెల్లదారం కట్టాను. ఇక్కడి దాన్నొకటి అటు వేశాను."

"నీ జాలి తగలెయ్య! ఇన్నాళ్ల నా కష్టం బూడిదలో పోశావు కదే! పరిశోధనంటే నిజం. అందులో వేలు పెట్టడానికి నువ్వెవరు? ఈ ఒక్కటేనా, ఇంకా ఉన్నాయా?"

"అన్నీ మామయ్యా. మొదటి వారం నుంచీ ఇంతే. అదిగో, ఆ కుడి పెట్టెలో గంతులేస్తున్నవన్నీ ఒకప్పుడు ఇలా వణికినవే. మామూలు మేత తిని నాలుగు రోజుల్లో లేచి తిరిగాయి."

మామగారు కుడి పెట్టెకేసి చూశారు. చేతిలోని పత్రంకేసి చూశారు. వీధిలో సభవాళ్ల కారు రెండుసార్లు హారన్ కొట్టింది.

ఆయన వంగి, వణుకుతున్న పిల్ల కాలి తెల్లదారం తెంపి, ఎర్రదారం కట్టి ఎడమ పెట్టెలో పడేసి, పత్రం చంకలో పెట్టుకుని, కారెక్కి వెళ్లిపోయారు.