మిలిటరీ రంగు బండి

ముందే ఒప్పుకుంటున్నాను, ఈ కథలో ఒక పెళ్లి ఉంది గానీ మనం దానికి వెళ్లట్లేదు. చుట్టాలంతా హిమాయత్‌నగర్ ఫంక్షన్ హాల్లో బగారన్నం కోసం లైన్లో నిలబడ్డ టైముకి, జ్యోత్స్న చిక్కడపల్లిలో, లైబ్రరీ వెనక సందులో, ఓ పాత ఫోర్ బై ఫోర్ బండి ముందు చక్రం ఊడదీస్తోంది. పెళ్లికని కుట్టించుకున్న డ్రెస్సు హాస్టల్లో హ్యాంగర్‌కి వేలాడుతోంది.

చక్రాన్ని పక్కకి దొర్లించి, దాన్ని పట్టుకునే హబ్ బోల్టులు విప్పుతుంటే, ఆ పక్కింటి గేటు దగ్గర కుర్చీ వేసుక్కూర్చున్న పెద్దాయన పేపరు మడిచారు.

“ఏం చేస్తున్నావమ్మా?”

“ముందు చక్రాల బేరింగులు సార్. తీసి, కడిగి, కొత్త గ్రీజు పెడ్తున్న.”

“నువ్వేనా?”

“ఇంకెవరన్న కనిపిస్తున్నరా సార్?”

ఆయన నిజంగానే అటూ ఇటూ చూశారు. తర్వాత కుర్చీని కాస్త ముందుకి జరుపుకున్నారు. పేరు సూర్యనారాయణమూర్తి అని, రిటైరై చాలాకాలమైందని, చూస్తూ కూర్చుంటే అభ్యంతరమా అని అడిగారు. చూడ్డానికి టికెట్ లేదంది జ్యోత్స్న.

ఆమె చదివింది మెకానికల్. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతోందని ఊళ్లో అందరి నమ్మకం. ఆమె మనసు మాత్రం అంబర్‌పేటలో మేనమామ దుర్గయ్యకున్న ఖాళీ షెడ్డు మీద ఉంది. అందులో పాత బండ్ల రిపేరు పెట్టాలి. నాన్న ససేమిరా అంటాడు, కానీ దుర్గయ్య చెబితే వింటాడు. దుర్గయ్యేమో షరతు పెట్టాడు. పెళ్లికి వస్తూ తన బండి తెస్తాడు. దాని ముందు చక్రాలు మూలుగుతున్నాయి. వాటిని ఒక్కతే బాగుచేస్తే షెడ్డు ఆమెది. లేదంటే మళ్లీ ఆ మాటెత్తకుండా పరీక్షలు రాసుకోవాలి.

ఫంక్షన్ హాలు దగ్గర పార్కింగ్ దొరకదని బండిని లైబ్రరీ వెనక రెండో సందులో పెట్టినట్టు పొద్దున ఫోన్ చేశాడు. ఆమె దాన్ని చిన్నప్పుడెప్పుడో చూసింది. ఎలా గుర్తుపట్టాలంటే నవ్వాడు.

“మిలిటరీ వేలంల కొన్న బండి బిడ్డా. గసొంటి రంగుది గాడ ఇంకోటి ఉంటదా?”

అశోక్‌నగర్ వైపు నుంచి నడిచొచ్చి, అటునుంచే లెక్కపెట్టి రెండో సందులోకి తిరగ్గానే అది కనబడింది. ముదురాకుపచ్చ ఒంటి మీద మేకప్ అంతా దుమ్మే.

హబ్ బయటికొచ్చింది. లోపలి గ్రీజు గట్టిపడి తారులా అయిపోయింది. మూర్తిగారు కుర్చీలోంచి లేచొచ్చి, ఎందుకలా అయిందని అడిగారు. ఆయిల్ సీలు అరిగితే వాన నీళ్లు లోపలికి పోతాయని, నీళ్లు చేరితే గ్రీజు పనిచేయదని ఆమె చెప్పింది. బేరింగుని డీజిల్లో కడిగి చూపించింది. రోలర్ల మీద చిన్న చిన్న గుంటలు పడ్డాయి.

“అయ్యో, పాడైపోయిందా?” ఆయన మొహం వాడిపోయింది.

కొత్తవి తెచ్చుకున్నానని ఆమె సంచీ చూపించాక గానీ ఆయన తేరుకోలేదు.

“ఇది మారిస్తే బండి ఎడమవైపుకి లాగడం కూడా పోతుందా అమ్మా?”

“లాగుతదని మీకెట్ల తెలుసు సార్?”

“పాత బండ్లు ఏదో ఒకవైపు లాగుతాయి కదమ్మా,” అని ఆయన కాఫీ తేవడానికి లోపలికెళ్లారు.

జ్యోత్స్న అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగు అంచుని దానికేసి నొక్కుతూ పోయింది. రోలర్ల సందుల్లోంచి గ్రీజు అవతలికి వచ్చేదాకా నొక్కింది. సగంలో డబ్బా అయిపోయింది. హిమాయత్‌నగర్ దాకా పోయి కొందామా అనుకుంటుంటే మూర్తిగారు కాఫీతోపాటు నిండు గ్రీజు డబ్బా కూడా తెచ్చారు. రిటైరైన వాళ్లిళ్లలో దొరకని వస్తువుండదు అనుకుందామె.

ఒక చక్రం అయ్యేసరికి నడుం పట్టేసింది. ఆమె రోడ్డు మీదే కూలబడి, రెండో చక్రం వైపు ఇష్టం లేని సబ్జెక్టుని చూసినట్టు చూసింది.

“రెండోది వదిలేస్తావా ఏంటి తల్లీ?” ఆయన గొంతులో నిజమైన కంగారు.

“వదిలేస్తే నా షెడ్డు పోతది సార్,” అని ఆమె మొత్తం కథ చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నారు. ఏదో అనబోయి ఆగారు. ఆఖరికి లోపలికెళ్లి రెండు పెసరట్లు పట్టుకొచ్చారు.

రెండో చక్రం దగ్గర నట్టు బిగింపు కుదరలేదు. ఎక్కువ బిగిస్తే బేరింగు వేడెక్కి పట్టేస్తుంది. వదులైతే చక్రం ఊగుతుంది. హబ్‌ని తిప్పుతూ బిగించి, కొద్దిగా వెనక్కి వదిలి, ఊపి చూసింది. పైకి బాగానే ఉంది. కానీ చేతికెందుకో నచ్చలేదు. అంతా మళ్లీ విప్పి మొదటినుంచి బిగించింది. మూర్తిగారు ఊపిరి బిగబట్టి చూశారు.

చక్రం ఎక్కించి, జాకీ ఇంకా దించకముందే సందు చివర దుర్గయ్య కనిపించాడు. తెల్ల చొక్కా, నోట్లో పాన్. బండి దగ్గరికొచ్చి ఆగాడు. గ్రీజు పూసుకున్న మేనకోడలిని చూశాడు. కాఫీ గ్లాసుతో ఉన్న మూర్తిగారిని చూశాడు. బండి చుట్టూ ఓ చక్కర్ కొట్టాడు.

అతను గొంతుక్కూర్చుని, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. కదల్లేదు. చేత్తో తిప్పి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. చప్పుడు లేకుండా తిరిగి తిరిగి ఆగింది.

“ఒక్కదానివే చేసినవా?”

“ఒక్కదాన్నే మామా. సార్ కాఫీ ఇచ్చిన్రు, గంతే.”

దుర్గయ్య లేచి చేతులు దులుపుకున్నాడు. “షెడ్డు నీదే బిడ్డా. మీ నాయినతోని నేను మాట్లాడ్త.”

ఆమె బండికి ఆనుకుని నిలబడిపోయింది. మొహం నిండా నవ్వే. దుర్గయ్య మీసాల చాటున నవ్వుకుంటూ మూర్తిగారి వైపు తిరిగాడు.

“చానసేపట్నుంచి పక్కనే కూసున్నట్టున్నరు గద సారూ. ఒక్క మాటన్న చెప్పకపోతిరి.”

మూర్తిగారు గ్లాసు కింద పెట్టి, కాస్త సిగ్గుపడ్డారు.

“ఇది మా బండని చెబితే పని ఆపేస్తుందేమోనని భయమేసిందండీ.”