అధ్యక్షుడి ఒక్క ఓటు

మైకులో అంకె చదవగానే టీకొట్టు దగ్గరున్న వాళ్లంతా గొల్లుమన్నారు. ఆ ఊరి బూత్‌లో అధ్యక్షుడి పార్టీకి వచ్చిన ఓట్లు సున్నా.

"అంటే నీ ఓటు కూడా నీకు పడలేదన్నమాట!" అన్నాడు టీకొట్టాయన, నవ్వు ఆపుకోలేక.

అధ్యక్షుడు కూడా నవ్వాడు. ఆయనకది అలవాటే. నిజానికి ఆయన కుర్చీలు అల్లుకుని బతికే మనిషి. ఊళ్లో ఆ పార్టీకి ఆయన తప్ప దిక్కు లేదు కాబట్టి పార్టీవాళ్లు ఆయన్ని అధ్యక్షుణ్ని చేశారు. ఊరివాళ్లు దాన్నే పేరు చేసేశారు. "మా పార్టీలో ముఠా తగాదాలు ఉండవు. తగాదా పడాలంటే ఇంకొకడు కావాలి కదా" అని ఎదుటివాళ్లకు అవకాశం ఇవ్వకుండా తన మీద తనే జోకు వేసుకునేవాడు.

ఈసారి మాత్రం నవ్వాక టీ సగంలోనే వదిలేశాడు.

ఆ ఊళ్లో ఓటంటే మగవాడి ఓటే. మొగుడు పెళ్లాన్ని వెంటబెట్టుకుని తెర వెనక్కి వెళ్లి, ఆమె మీట కూడా తనే నొక్కేసి వచ్చేవాడు. అడిగితే, "దానికేం తెలుసండీ" అనేవాడు. అదంటే అధ్యక్షుడికి ఒళ్లు మంట. పై ఆఫీసులకు ఫోన్ల మీద ఫోన్లు చేసి, నానా యాగీ చేసి, ఈ ఎన్నికలకు ఒక ఆర్డరు తెప్పించాడు. మొగుడనేవాడు పెళ్లాం వెంట తెర వెనక్కి అడుగు పెట్టకూడదు. జీవితంలో ఆయన గెలిచింది అదొక్కటే.

కుర్చీలు అల్లించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లందరికీ అదే పాఠం. "మీ ఓటు మీదే తల్లీ. ఎవరికి వేశారో మీ ఆయనకు కూడా చెప్పక్కర్లేదు."

"గుచ్చి గుచ్చి అడిగితేనో?"

"ఆయన జీతం ఎంతో మీకెప్పుడైనా చెప్పాడా? ఇదీ అంతే!"

తన ఇంట్లో మాత్రం ఆ గొడవ లేదు. భార్యది పెద్ద పార్టీ. ఊళ్లో ఆ పార్టీకి పెద్ద తలకాయ ఆమె అన్నయ్యే. రోజూ పొద్దున్నే ఈయన వాకిట్లో కూర్చుని వైరు బిగిస్తుంటే, ఆమె పక్కన పీట వేసుకుని పేపరు పైకి చదివేది. అన్నయ్య పార్టీ వార్తలైతే రాగం తీసి మరీ చదివేది.

"మావాళ్ల సంగతేమిటోయ్?"

"మీవాళ్ల గురించి ఇవాళ కూడా ఏమీ రాయలేదండీ."

"పోన్లే, తిట్లు తప్పాయి."

చేతులకు అలవాటైన పని. కరెంటు పోయినా అల్లిక ఆగేది కాదు. గేటు దగ్గర ఎవరైనా దగ్గితే చాలు, తల ఎత్తకుండానే వరస పెట్టి పిలిచి ఓటు సంగతి ఎత్తేవాడు.

పోలింగు రోజు, మగవాళ్లు ముందూ ఆడవాళ్లు వెనకా నడిచే ఆ వీధిలో వీళ్లిద్దరే పక్కపక్కన వెళ్లారు. ఆయన చెయ్యి ఆమె భుజం మీద ఉంది. వరుసలో ఉన్నవాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు.

"పెళ్లాం ఓటే తెచ్చుకోలేనివాడు ఊరి ఓట్లు తెస్తాడట!" అన్నారెవరో.

"తేలేను బాబూ. మా ఇంట్లోనే ప్రతిపక్షం బలంగా ఉంది" అన్నాడాయన.

ఇద్దరూ కలిసే లోపలికి వెళ్లారు, కలిసే బయటికొచ్చారు. ఆ రోజు ఆడవాళ్లంతా మొదటిసారి ఒంటరిగా తెర వెనక్కి వెళ్లొచ్చారు. వాళ్లలో కొందరైనా తన గుర్తు మీద వేలు పెట్టి ఉంటారని ఆయన గంపెడాశ పెట్టుకున్నాడు. తీరా వచ్చింది సున్నా.

"ఆడవాళ్లు వెయ్యలేదు, సరే. వాళ్ల ఓటు వాళ్లిష్టం, నేను చెప్పిందీ అదే" అన్నాడు ఇంటికొచ్చాక. "మరి నా ఓటేమైనట్టు? ఎవడు మింగినట్టు?"

"ఒక్క ఓటుకు అంత రాద్ధాంతం దేనికండీ? అది వస్తే మాత్రం గెలిచేవారా?" అంది భార్య వంటింట్లోంచి.

"గెలవడానికి కాదే. ఈ ఊళ్లో నేనూ ఒకణ్ని ఉన్నాననడానికి అదొక్కటే సాక్ష్యం. సున్నా అంటే నేను లేనట్టే కదా!"

ఆ మాటను మాత్రం జోకు కింద తోసెయ్యలేదు. భార్య పొయ్యి ఆర్పి పెరట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడే పై ఆఫీసుకు ఫోన్ చేశాడు. మోసం జరిగిందన్నాడు. భార్య అన్నగారి మీదే అనుమానమన్నాడు. తేల్చకపోతే నిరాహార దీక్షకు కూర్చుంటానన్నాడు. "ఒక్కణ్నే కాబట్టి పెద్ద టెంటు కూడా అక్కర్లేదు సార్" అని కలిపాడు. ఆ రోజు నుంచి కళ్లు లాగుతున్నాయంటూ భార్య పేపరు చదవడం మానేసింది.

అధికారి జీపు దిగేసరికి టీకొట్టాయనతో సహా సగం ఊరు వాకిట్లో చేరింది. అధ్యక్షుడు ఉతికిన చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు. భార్య తలుపు వెనక నిలబడింది.

"ఓటు మీ పార్టీకే వేశారా?" అని అడిగాడు అధికారి.

"అక్షరాలా. గుర్తు పేరు పైకి చెప్పి మరీ వేశాను."

"రహస్యంగా వెయ్యాలి కదండీ?"

"మా పార్టీకి వేసేది నేనొక్కణ్నేనని ఊరంతా ఎరుగును. ఇంక రహస్యం ఎక్కడిది సార్!"

జనం నవ్వారు. అధికారి నవ్వలేదు.

"యంత్రం సరిగ్గానే పనిచేసిందా?"

"మీట నొక్కగానే మోగింది. ఈ చెవులతో విన్నాను. ఆ ఓటు ఎటు పోయిందో మీరే తేల్చాలి. దొంగ ఎంతటివాడైనా, ఎవరి అన్నయ్యయినా సరే, వదలొద్దు."

అధికారి కాసేపు అధ్యక్షుడి ముఖంలోకి చూశాడు. తర్వాత తలుపు వైపు చూశాడు. కుర్చీ దగ్గరగా జరుపుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"మీకు పుట్టుకతోనే చూపు లేదు కదండీ, మరి ఆ రోజు మీ బదులు మీట నొక్కిందెవరు?"