తొమ్మిదింటికి ఆగే కంప్యూటర్

సరిగ్గా తొమ్మిదింటికి కంప్యూటర్ మళ్లీ ఆగిపోయింది.

తెర నల్లబడింది. మీటలు నొక్కినా, మౌస్ కదిపినా ఉలుకూ పలుకూ లేదు.

అరగంట తర్వాత, ఏమీ ఎరగనట్టు, తనంతట తనే మేలుకుంది.

వారం కిందట ఈ కంప్యూటర్ ముందు కూర్చున్నప్పటి నుంచీ ఇదే వరస.

ఆ కంప్యూటర్‌తో నడిచే, లోహపు ముక్కల్ని లాగి బలం చూసే యంత్రం మీద సుమిత్రకు దొరికిన టెర్మిన్, అంటే కేటాయించిన వేళ, తొమ్మిది నుంచి పది వరకే. అందులో సగం రోజూ ఇలా గాలికి పోతోంది. శుక్రవారంలోగా రీడింగులు పూర్తి కాకపోతే థీసిస్ ఆరు నెలలు వెనక్కి. లైప్‌జిగ్‌లో ఇస్తామన్న ఉద్యోగం అప్పటిదాకా ఆగదు.

డార్మ్‌స్టాట్‌లోని ఆ ల్యాబ్ కంప్యూటర్లన్నీ సుధీంద్ర చేతిలో ఉంటాయి. అతనేమో సెలవులో ఉన్నాడు. అతను వచ్చేదాకా ఇంకెవరూ వాటి మీద చెయ్యి వెయ్యరు.

సోమవారం మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లిపోయారు. సుమిత్ర ఒక్కతే బ్రెడ్డు ముక్క నములుతూ కంప్యూటర్ ముందు కూర్చుంది.

తలుపు దగ్గర ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. పాత కోటు. చేతిలో స్టీలు డబ్బా.

"సుమిత్ర..." బల్ల మీది పేరు చదివాడు. "తెలుగమ్మాయివేనా?"

"అవునండీ."

"ఈ వేళప్పుడు నీ కంప్యూటర్ నడుస్తోందే!"

"నడవకూడదా అంకుల్? పొద్దున్నే మొండికేస్తుంది. తొమ్మిదింటికి ఆగితే మళ్లీ తొమ్మిదిన్నరకే లేవడం."

ఆయన కళ్లద్దాలు సర్దుకుని తెర మూలకు చూశాడు. ఫక్కున నవ్వాడు.

"ఓహో, మీ ఊళ్లో నాలుగైందన్నమాట! ఆకలి మాత్రం ఇక్కడి టైముకే వేస్తుంది కదమ్మా. ముందు ఆ గడియారం మార్చు."

నా గోల నాది, ఈయన వేళాకోళం ఈయనది అనుకుంది సుమిత్ర.

"గడియారానికీ దీనికీ ఏం సంబంధం అంకుల్?"

"చెప్తా. కిందికి రా, తింటూ మాట్లాడుకుందాం. చింతకాయ పచ్చడి తెచ్చాను."

"పనుందండీ."

మంగళవారం కూడా వచ్చాడు. రమ్మన్నాడు. ఆమె ఇయర్‌ఫోన్లు తియ్యకుండానే తల అడ్డంగా ఊపింది. ఊసుపోక వచ్చే మనిషి, కబుర్లకు తోడు కావాలి కాబోలు.

బుధవారం ఆయన రాలేదు. కంప్యూటర్ మాత్రం తొమ్మిదింటికి ఠంచనుగా ఆగింది.

గురువారం సుధీంద్ర సెలవు ముగించుకుని వచ్చాడు. రెండు నిమిషాలు చూసి తల పట్టుకున్నాడు.

"దీని గడియారం ఇండియా టైముకు పెట్టిందెవరు?"

"నేనే అన్నా. ఇంటికి ఫోన్ చెయ్యాలంటే లెక్కలేసుకునే పని లేకుండా..."

"తల్లీ! ఇక్కడి కంప్యూటర్లన్నీ పన్నెండున్నరకు అరగంట ఆగుతాయి. లోపల ఒక ప్రోగ్రాం గడియారం చూసుకుని ఆపేస్తుంది. నీ దానికి మాత్రం పొద్దున తొమ్మిదింటికే పన్నెండున్నర అయిపోతోంది."

"ఆపడం దేనికన్నా?"

"అందరూ లేచి కలిసి భోంచెయ్యాలని. దాదాపు నలభై ఏళ్ల కిందట ఇక్కడి ఇంజనీరు పెట్టిన పద్ధతి. కంప్యూటర్లు ఎన్ని మారినా దాన్ని తియ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు."

అతను గడియారం సరిచేశాడు. రేపు గంటకు గంటా ఆమెదే. మిగిలిన రీడింగులకు అది చాలు.

సుమిత్ర తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. అంతలోనే ఆమె ముఖం వాడిపోయింది.

"ఒక పెద్దాయన ఈ మాట సోమవారమే చెప్పారన్నా. నేనే వినిపించుకోలేదు. ఆయన ఎక్కడుంటారు?"

"గంగాధరరావు గారా? నిన్ననే ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం ఎక్కేశారు. ఇక కాకినాడలోనే ఉంటారట. పాత చోటు చివరిసారి చూసుకుని వెళ్తానని నాకు మెసేజ్ పెట్టారు."

"ఆయనకు దీని సంగతి ఎలా తెలుసు?"

సుధీంద్ర ఆమె వైపు వింతగా చూశాడు.

"ఈ గదిలో ఏడాదిపాటు ఒక్కడే కూర్చుని తిన్నాక, ఇంకెవరికీ ఆ గతి పట్టకూడదని ఆ ప్రోగ్రాం రాసింది ఆయనే."