మోదుగ పూసిన ఏడు

దీపావళి దాటగానే పాలమూరు పల్లెల్లోకి డ్రైవరు లేని లారీలు వచ్చేవి. ఒక్కో గుడిసె ముందు ఆగి, వలస కూలీలను పేరుపేరునా పిలిచేవి. ఊహ తెలిసిన నాటి నుంచి సవారమ్మా, ఆమె పెనిమిటి కుర్మయ్యా ఆ పిలుపుకే తట్టాబుట్టా సర్దుకుని ఎక్కేవారు. తొలకరి పడ్డాకే తిరిగి ఊరి ముఖం చూసేవారు.

ఆ ఏడు సర్కారు ప్రతి పేద ఇంటికీ నెలనెలా పైకం పంపడం మొదలుపెట్టింది. పైకం చేరినప్పుడు ఇల్లాలి అరచేయి మిణుగురులా వెలిగేది. సవారమ్మ చెయ్యి వెలిగిన మరునాడే లారీ వచ్చింది.

"కుర్మయ్యా, సవారమ్మా, రండి," అని మెత్తగా పిలిచింది.

కుర్మయ్య అలవాటుగా మూట ఎత్తుకున్నాడు. సవారమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"తిండికి ఉన్నది గద, ఎందుకు పోవాలె?"

"పోకుంటే ఈడ ఏం జేస్తమే?"

"ఏమో. ఉండి చూస్తం."

లారీ మధ్యాహ్నం దాకా పిలిచి పిలిచి, ఖాళీగా వెళ్లిపోయింది.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక పొద్దున ఊరి గుట్ట ఎర్రగా కనబడింది. "గుట్ట అంటుకున్నదే!" అంటూ కుర్మయ్య నీళ్ల బిందె ఎత్తుకుని పరుగెత్తాడు. సవారమ్మ వెనకాలే ఉరికింది. పైకి చేరాక ఇద్దరూ నిలబడిపోయారు. పొగ లేదు, వేడి లేదు. ఆకులు రాలిన మోదుగ చెట్ల నిండా నిప్పురంగు పూలు.

"ఇది మనూరి గుట్టేనా?" అన్నాడు కుర్మయ్య. మోదుగ పూసే కాలంలో వాళ్లెన్నడూ ఊళ్లో లేరు.

సవారమ్మ రాలిన పూలను ఒడిలోకి ఏరుకుంటోంది. అతను బిందెడు నీళ్లూ ఒక చెట్టు మొదట్లో పోసి, ఆమె పక్కన కూర్చున్నాడు.

"మల్లొచ్చే ఏడు గూడ పూస్తదా?"

"పూస్తది. మనం గూడ ఉంటం."