అంచుకు చేరని ప్రోటీను

ఒంట్లోని ఏ ప్రోటీను కణంలో ఎక్కడ ఉంటుందో యంత్రాలే అంచనా వేసి చెప్పే రోజులవి. పలాసలో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేసే సూరీడమ్మకు ఆ ఫలితాల చీటీలు అందించడమే సగం పని.

ఒక ఉదయం కూర్మారావు తన ఏడేళ్ల కూతురు గున్నమ్మను ఎత్తుకొచ్చాడు. యంత్రం చెప్పినదాన్ని బట్టి ఇచ్చిన మందు రెండు నెలలుగా మింగుతున్నా పిల్లకు ఆయాసం తగ్గలేదు.

"ఏటి సేత్తామమ్మా, పిల్ల నాలుగడుగులు కూడా ఎయ్యనేకపోతంది," అన్నాడు.

యంత్రం మళ్లీ పాత మాటే చెప్పింది. ఊపిరి సాఫీగా ఆడటానికి కావాల్సిన ప్రోటీను, కణం అంచున, ఉండాల్సిన చోటే ఉందట. సూరీడమ్మకు మనసొప్పలేదు. పిల్ల ముక్కులోంచి తీసిన కణాలకు, ఆ ప్రోటీనుకే అంటుకునే రంగు వేసి, ఎవరూ ముట్టుకోని మైక్రోస్కోపు దుమ్ము తుడిచి చూసింది. అంచున మెరవాల్సిన ఆకుపచ్చ రంగు కణం లోపలే ముద్దకట్టి ఉంది.

డాక్టరు హైమవతి కూడా చూసింది. "యంత్రం పొరబడింది సూరీడమ్మా. ప్రోటీను లోపలే చిక్కుకుపోయింది. దాన్ని అంచుకు చేర్చే మందు వేరే ఉంది."

మందు మార్చారు. మైక్రోస్కోపులో కనిపించినదాన్ని ఫొటో తీసి, యంత్రానికి చూపించి దాని తప్పునూ దిద్దారు.

నెల తిరిగేసరికి గున్నమ్మ ఆసుపత్రి మెట్లు పరుగున ఎక్కి సూరీడమ్మ దగ్గరికి వచ్చింది. "పిన్నీ, నానొక్కర్తినే ఎక్కీసినాను!"

ఆ వారమే వేరే ఊళ్లో అలాంటి జబ్బే ఉన్న పిల్లవాడికి యంత్రం మొదటిసారే సరిగ్గా చెప్పిందని హైమవతి కబురు చెప్పింది.

"నేర్సుకుందన్నమాట!" అని సూరీడమ్మ నవ్వుకుంటూ తరువాతి పిల్లను లోపలికి పిలిచింది.