నల్ల బొత్తాం

ఉన్ని మేజోళ్లు సంచీ అడుగున పరిచి, వాటి మధ్య గుండె మాత్రల సీసా దూర్చింది ఆర్డిస్. మళ్లీ తీసింది. అడుగున ఉంటే అవసరానికి చేతికందదు. పక్క జేబులో పెట్టి జిప్పు లాగి, మళ్లీ తెరిచి చూసుకుంది.

"ఆ సంచీని కాస్త ఊపిరి పీల్చుకోనియ్యవే," అన్నాడు హార్లన్, తుపాకీ గొట్టం తుడుచుకుంటూ. "నేను పోయేది అడవికి, చంద్రుడి మీదికి కాదు."

"మాత్రలు పక్క జేబులో ఉన్నాయి."

"మూడోసారి చెప్తున్నావు."

"నాలుగోసారి కూడా చెప్తాను."

ఏడాదికి రెండుసార్లు ఆ సంచీ సర్దుతుంది ఆమె. వసంతంలో టర్కీ కోళ్ల వేటకి, నవంబరులో జింకల వేటకి. ఇంట్లో పిల్లా జెల్లా లేరు. మగవాళ్లు వెళ్లిపోయాక జింకల సీజను తొమ్మిది రోజులూ ఆమెకు రేడియో ఒక్కటే తోడు. అందులో వాతావరణం చెప్పే మనిషికి జవాబులు కూడా ఇస్తుంటుంది. వెనక అమ్మని ఆసుపత్రికి పంపినప్పుడూ, నాన్నని పంపినప్పుడూ సంచీ సర్దింది ఆమే. సంచీలు తిరిగొచ్చాయి, మనుషులు రాలేదు.

ఇప్పుడు భర్త హార్లన్‌కి గుండె జబ్బు. పోయిన నెల పశువుల కొట్టంలో నిచ్చెన మీద కళ్లు తిరిగి జారాడు. కింద గడ్డి ఉండబట్టి సరిపోయింది. "ఈ ఏడు వేట మానుకో" అని ఒక్క మాట అన్నందుకు, రెండు రోజులు భోజనం దగ్గర నోరు విప్పలేదు.

తలుపు తోసుకుని వెండెల్ వచ్చాడు. ఆర్డిస్‌కి ఒక్కగానొక్క తమ్ముడు, ఆమె చంక దిగకుండా పెరిగినవాడు. నారింజ రంగు కోటులో గది సగం నిండిపోయాడు.

"ఏం బావా, ఈసారైనా జింకని కొడతావా, పోయినేడులా చెట్టు మొద్దునా?"

"ఆ మొద్దు కదిలిందిరా."

"కదలదూ మరి? నిన్ను చూసి నవ్వాపుకోలేక కదిలుంటుంది."

వంటింటి బల్ల మీద నాన్న పాత టోపీ బోర్లించి ఉంది. అడవిలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో, బయలుదేరే ముందు ఆ టోపీలోంచి బొత్తాం తీసి తేల్చుకోవాలి. అది నాన్న పెట్టిన పద్ధతి. నల్ల బొత్తాం వస్తే ఓక్ చెట్టు మీది మంచె. తెల్లది వస్తే వాగు ఒడ్డున, నేలమీద పాక. పెద్ద కొమ్ముల జింకలు నడిచేది మంచె కిందినుంచే. "వచ్చిన చోటు మార్చుకుంటే అడవి ఒప్పుకోదు" అనేవాడు నాన్న. ఇన్నేళ్లలో ఎవరూ మార్చుకోలేదు.

వెండెల్ టోపీ తిప్పి పట్టుకున్నాడు. హార్లన్ కళ్లు మూసుకుని చెయ్యి పెట్టాడు.

"నల్లది! చూడవే, నల్లది! ఎన్నేళ్లకి వచ్చిందో!"

పసిపిల్లాడిలా బొత్తాన్ని ముద్దు పెట్టుకున్నాడు. ఆర్డిస్‌కి మాత్రం మూడు నిలువుల ఎత్తున చెట్టుకి కట్టిన నిచ్చెన కళ్లముందు కనిపించింది. రొట్టెల బుట్ట మొయ్యాలనే వంకతో తమ్ముణ్ణి ట్రక్కు దగ్గరికి లాక్కెళ్లింది.

"బావని మంచె ఎక్కనివ్వకురా. నువ్వు మార్చుకో."

"అక్కా, నాన్న ఉంటే ఏమనేవాడు?"

"నాన్న లేడు. నాకున్నది ఆయనొక్కడే."

"అంటే నేను లెక్కలో లేనన్నమాట," నవ్వాడు వెండెల్.

"నీకేంరా, దుక్కలా ఉన్నావు. నీ గురించి నాకు ఏనాడూ బెంగ లేదు."

"బావ ఒప్పుకోడే. ముసలాణ్ణని జాలి పడుతున్నాననుకుంటాడు."

"జాలని తెలియనివ్వకు. నీకే కావాలని అడుక్కో. నా మీద ఒట్టు."

వెండెల్ బూటుతో మంచుని కాసేపు గీకాడు. తర్వాత లోపలికి వచ్చి, హార్లన్ ముందు చెయ్యి చాపాడు.

"బావా, సిగ్గు విడిచి అడుగుతున్నాను. ఆ నల్లది నాకివ్వు. పెద్ద కొమ్ములది ఒక్కటీ కొట్టకుండానే నాకు తల నెరిసిపోతోంది."

హార్లన్ మొహంలో నవ్వు ఆగిపోయింది. "మీ నాన్న మాటో?"

"నాన్నకి నేను చెప్పుకుంటాలే."

"తీసుకో, ఆశపోతు వెధవా!" బొత్తాన్ని బల్ల మీదికి విసిరికొట్టాడు హార్లన్. ట్రక్కు ఎక్కేదాకా బావమరిది మొహం చూడలేదు. వెండెల్ మాత్రం అక్క వైపు తిరిగి కన్ను గీటాడు.

ట్రక్కు మలుపు తిరిగాక ఇల్లంతా ఒక్కసారిగా పెద్దదైపోయింది. ఒక్క పళ్లెం, ఒక్క కప్పు కడిగి బోర్లించింది. రేడియోలో మనిషి, తెల్లవారుజామున సన్నటి వాన పడుతుందనీ, పడ్డది పడ్డట్టే గడ్డకడుతుందనీ చెప్పాడు.

"పడనీ నాయనా," అంది ఆర్డిస్ రేడియోతో. "మా ఆయన నేలమీదున్నాడు."

వేట సీజనులో ఆమె హాయిగా నిద్రపోయింది ఆ ఒక్క రాత్రే.

మర్నాడు, శనివారం మధ్యాహ్నం, వాకిట్లో ట్రక్కు చప్పుడైంది. తొమ్మిది రోజులకి వెళ్లినవాళ్లు ఒక్కరోజుకే వచ్చారంటే... చెప్పులైనా లేకుండా మంచులోకి పరుగెత్తింది. అద్దం వెనక, స్టీరింగు పట్టుకుని, హార్లన్. బతికున్నాడు. తన కాళ్ల మీద తనే దిగాడు.

ఆమె ఆయన్ని గట్టిగా వాటేసుకుంది. "వచ్చావా! నాకింకేమీ అక్కర్లేదు. ఏంటి, వాడు మొదటిరోజే పెద్దది కొట్టాడా? నాకు చూపించడానికి తెచ్చారా?"

హార్లన్ ఆమె భుజాలు పట్టుకున్నాడు.

"మంచె నిచ్చెనంతా గడ్డకట్టి గాజులా ఉందే, ఆర్డిస్..."

వెండెల్ తిరిగి రాలేదు. అది 1987 నవంబరు 21, జింకల సీజను మొదటి రోజు.